బల్ల నాది, కుట్టు మిషను నీది

ఫ్రిస్కో,
2024 సెప్టెంబరు 9, సోమవారం.

ఈ రోజు అయిన పనులు: బట్టలు రెండు విడతలు. ఇడ్లీ పిండి. చర్చిలో స్త్రీల సహవాసం కానుకల లెక్క సరిచూడడం. భోజనాల బల్ల అడుగు తుడవడం. కాని పని: మనసు కుదుటపడడం.

ప్రియమైన లూసీ వదిన గారికి,

మీ తమ్ముడి భార్య ప్రిస్సిల్లా ప్రభువు నామమున వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ మేము క్షేమం. అంటే, నేను క్షేమం. మీ తమ్ముడు గారు అనుమానం కలిగేంత క్షేమం.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటారు. ఫోను చేస్తే మా కారు స్పీకరు దానంతటదే అందుకుని మన మాటలన్నీ ఆయనకు వినిపిస్తుంది. మెసేజ్ పెడితే ఇంట్లో ఉన్న ప్రతి టాబ్లెట్ మీదా మెరుస్తుంది. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే తెరిచేది పోస్టు డబ్బా.

విషయమేమిటంటే, నిన్న చారు ఒలికి బల్ల కిందికి కారింది. ఈ రోజు కింద దూరి తుడుస్తుంటే చెక్కకి ఒక చీటీ అంటించి కనబడింది. నేను పప్పు డబ్బాలకి పేర్లు అంటించుకోవడానికి కొనుక్కున్న లేబుల్ మిషనుతో కొట్టిన చీటీయే. అక్షరాలు ఇంగ్లీషువి, మాట మాత్రం ఇంగ్లీషు కాదు. "మాసామ్" అని ఉంది.

భోజనాల దగ్గర అడిగాను.

"ఏమండీ, టేబుల్ కింద ఆ స్టిక్కర్ ఏమిటి?"

"ఏ స్టిక్కర్?"

"మాసామ్."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఓ, అదా! వారంటీ."

"గరాజ్ సేల్‌లో కొన్న టేబుల్‌కి వారంటీనా?"

"ఎక్స్‌టెండెడ్," అన్నారు మీ తమ్ముడు గారు, మజ్జిగ కూడా పోసుకోకుండా లేచిపోతూ.

ఆ తరవాత నేను ఇల్లంతా వెతికాను. నా కుట్టు మిషను అడుగున "మషీనాన్" అని ఒకటి, పడకగది తలుపు పైన, నాకు అందని ఎత్తులో, "కాపుసు" అని ఒకటి. ఫొటోలు తీసి ఆస్టిన్‌లో చదువుకుంటున్న మా జూడ్‌కి పంపాను. "అమ్మా, ఇట్ లుక్స్ టర్కిష్. బట్ కొంచెం రాంగ్ టర్కిష్. నాన్న ఓకేనా?" అన్నాడు. అదే నేను మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఆయనకి తోడబుట్టిన అక్క. మీకేమైనా చెప్పారా?

ఇట్లు,
మీ విధేయురాలు ప్రిస్సిల్లా.

తా.క. లేబుల్ మిషనులో కొత్త టేపు పెట్టి పది రోజులు కాలేదు. సగం అయిపోయింది. నాకు దొరికినవి మూడు చీటీలే.

* * *

ఎడిసన్,
సెప్టెంబరు 15, ఆదివారం.

ప్రిస్సీకి మీ వదిన దీవెనలు.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. నువ్వు కూడా నవ్వుకో. మగవాళ్ళకి యాభై దాటాక ఏదో ఒక పిచ్చి పడుతుంది. మా హాస్పిటల్లో డాక్టర్లు మోటార్ సైకిళ్ళు కొంటున్నారు, మారథాన్లు పరిగెత్తి మోకాళ్ళు పట్టుకుని మా వార్డుకే వస్తున్నారు. మావాడు చీటీలు అంటిస్తున్నాడు. సంతోషించు. చిన్నప్పుడు కూడా అంతే, స్టాంపులు దొరికితే గోడకి అంటించేవాడు, అమ్మ చేత తన్నులు తినేవాడు.

ప్రకటన గ్రంథంలో చెప్పిన ఏడు సంఘాలూ ఇప్పటి టర్కీలోనే కదా ఉండేవి. ఎఫెసు, స్ముర్న చూసి రావాలని ఏమైనా అనుకుంటున్నాడేమో. అయినా అది టర్కీ భాష కాదులే. అంటే, కాదేమో. నాకేం తెలుస్తుంది?

వాణ్ణి అడగకు. అడిగితే బెదిరిపోతాడు. బెదిరితే వాడికి చదివింది ఏదీ గుర్తుండదు.

ఇట్లు,
మీ వదిన లూసీ.

తా.క. ఇకనుంచి ఆదివారం మధ్యాహ్నాలు నాకు ఫోను చేయకు, వేరే పనులు పడుతున్నాయి. జున్ను పెట్టి పాములా చుట్టి కాల్చే రొట్టె ఒకటి నేర్చుకున్నాను, ఈసారి వచ్చినప్పుడు చేసి పెడతాను. ఎవరు నేర్పారని అడగకు.

* * *

ఫ్రిస్కో,
సెప్టెంబరు 20, శుక్రవారం.

ఈ రోజు అయిన పనులు: గోంగూర బాగుచేయడం. కర్టెన్లు ఉతకడం. లైబ్రరీకి వెళ్ళి టర్కీ భాష వ్యాకరణం పుస్తకం తేవడం. అందులో మొదటి నాలుగు పాఠాలు పూర్తి.

వదిన గారికి వందనాలు.

"చదివింది ఏదీ గుర్తుండదు" అని రాశారు. ఏం చదువుతున్నారని మీరు చెప్పలేదు, నేను అడగడం లేదు. రాసి పెట్టుకున్నాను.

ఆ పుస్తకం నాకు కష్టమనిపించలేదు. మనం ఇల్లు, ఇంట్లో, ఇంటికి, ఇంట్లోంచి అని మాట చివర తోకలు తగిలిస్తాం కదా, వాళ్ళూ అంతే. ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ వస్తువు ఎవరిదో కూడా తోకలోనే చెప్పేస్తారు. ఒక తోక పెడితే నాది, ఇంకో తోక పెడితే నీది, మూడోది పెడితే వేరేవాళ్ళది. మన చీటీల్లో మాటలు పుస్తకంలో మాటలతో పూర్తిగా కలవలేదు కానీ తోకలు మాత్రం కలిశాయి.

ఇప్పుడు వినండి. భోజనాల బల్ల: నాది. కుట్టు మిషను: నీది. పడకగది తలుపు: వేరేవాళ్ళది.

వదిన గారూ, దీన్ని పంపకాలంటారు. మా నరసాపురం ఇంట్లో మా నాన్నగారు, బాబాయిలు వేరుపడినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి ఇత్తడి గంగాళం మీద ఒక సున్నం బొట్టు, పందిరి మంచం కోడు మీద రెండు, రుబ్బురోలు మీద మూడు. ఎవరూ నోరు విప్పి ఏమీ అనలేదు. బొట్లు మాత్రం పెరుగుతూ పోయాయి. మా ధనమ్మ పిన్ని ఒక్కతే తెలివైనది, మర్నాడే బజారుకి వెళ్ళి తన గిన్నెలన్నిటి మీదా పేరు చెక్కించుకుని వచ్చింది. పేరున్న గిన్నె జోలికి ఎవరూ రాలేదు. మేము బొట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుని ఆ రుబ్బురోలుతో బయటికి వచ్చాం.

పక్కింటి శశికళ గారికి చెప్పాను. ఆవిడ చెల్లెలికి ఇలాంటిదే జరిగిందట. "ప్రిస్సిల్లా గారూ, వర్రీ అవకండి, టెక్సాస్ కమ్యూనిటీ ప్రాపర్టీ స్టేట్. మ్యారేజ్ తరవాత కొన్నది ఏదైనా ఇద్దరిదీ. కానీ ముందు ఎవరు మూవ్ అయితే వాళ్ళదే పైచేయి," అన్నారు. తరవాత మా సోఫా చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ఎవరికి వస్తోంది?" అని అడిగారు.

పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. నా చేత్తో సర్దుకోని అర ఈ ఇంట్లో ఒక్కటి లేదు. నిజం చెప్పండి వదిన గారూ, మీ తమ్ముడు నన్ను వదిలేస్తున్నారా?

ఇట్లు,
ప్రిస్సిల్లా.

తా.క. ఆ భాషలో అతనిది, ఆమెది అని తేడా లేదట, రెండింటికీ ఒకే తోక. మోసం చేసేవాళ్ళకి ఎంత వీలైన భాష!

* * *

ఎడిసన్,
సెప్టెంబరు 26, గురువారం.

ప్రిస్సీకి దీవెనలు.

ఏం మాటలే అవి? వాడు నిన్ను వదిలేయడమా? తన చొక్కా సైజు ఎంతో షాపులోంచి నీకు ఫోను చేసి అడిగే మనిషి ఇల్లు విడిచిపోయి ఎక్కడ బతుకుతాడు? మొన్నటికి మొన్న, కంది పప్పుకీ శనగ పప్పుకీ తేడా తెలియక నాకు వీడియో కాల్ చేశాడు. నీ లేబుళ్ళు ఉండగా!

నీ భయం నాకు అర్థమైంది. కానీ ఆ చీటీలు పంపకాలవి కావు. ఎలా తెలుసని అడగకు, తెలుసు. ఆ మూడో తోక గురించి కూడా బెంగ పెట్టుకోకు. నువ్వు అనుకుంటున్నట్టు "ఆమె" అంటూ ఎవరూ లేరు. ఉన్నా నువ్వు అనుకునే మనిషి కాదు, వయసులో చాలా పెద్దావిడ.

ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు. ఈ వదిన మాట మీద నమ్మకముంచు.

ఇట్లు,
లూసీ.

తా.క. "వయసులో చాలా పెద్దావిడ" అన్న వాక్యం చదవలేదనుకో. కొట్టేద్దామంటే పెన్నుతో రాశాను, బాగుండదు.

* * *

ఫ్రిస్కో,
అక్టోబరు 3, గురువారం.

ఈ రోజు అయిన పనులు: వంట చేయలేదు, నిన్నటి సాంబారు వేడి చేశాను. స్టీలు మీద పేర్లు చెక్కే కరెంటు పెన్ను తెప్పించాను. పళ్ళాలు, గ్లాసులు, ఇడ్లీ రేకులు, పోపుల డబ్బా, దాని లోపలి గిన్నెలు చెక్కడం పూర్తి. రేపటికి: గరిటెలు.

వదిన గారికి,

చదవలేదనుకోమంటే ఎలా అనుకుంటాను? పెద్దావిడ అన్నారు. ఎంత పెద్దావిడ? ఏం చేస్తుంది? మీకు ఆవిడ తెలుసన్నమాట. మీ కుటుంబంలో అందరికీ తెలిసి, ఇంటి ఇల్లాలికి తెలియకుండా ఒక పెద్దావిడ ఉన్నదన్నమాట.

మీకు తెలియనివి రెండు చెబుతాను. శనివారం పొద్దున మీ తమ్ముడు గారు గరాజ్‌లో కారెక్కి, అద్దాలు ఎత్తుకుని, కారు కదలకుండా గంట సేపు కూర్చున్నారు. తలుపుకి చెవి ఆనిస్తే లోపల ఫోనులో ఆడగొంతు. ఆ భాషే. ఈయన ఏదో అన్నారు, ఆవిడ పగలబడి నవ్వింది. ఆ నవ్వు నేను ఎక్కడో విన్నాను, ఎక్కడన్నది గుర్తు రావడం లేదు. చర్చిలోనా, పటేల్ కొట్లోనా, ఆలోచిస్తున్నాను.

రెండోది. వీధి తలుపుకి లోపలి వైపు, పైన, కొత్త చీటీ: "ఎవ్దెన్". ఎవ్ అంటే ఇల్లు. మిగిలింది తోక. వెరసి: ఇంట్లోంచి. బయటికి పోయే తలుపు మీద "ఇంట్లోంచి" అని ఎందుకు అంటిస్తారు వదిన గారూ? ఎవరు పోవాలని? నేనా, ఆయనా?

శశికళ గారు తనకి తెలిసిన లాయరుతో ఈ నెల 15న అపాయింట్‌మెంట్ ఇప్పించారు. వెళ్తాను. నా వస్తువుల మీద నా పేరుంటుంది. ఈసారి రుబ్బురోలుతో బయటికి వచ్చేది నేను కాదు.

ఇట్లు,
ప్రిస్సిల్లా (ఈ పేరే అన్నిటి మీదా చెక్కాను, తెలుగులో).

తా.క. ప్రెషర్ కుక్కర్ మూత మీద చెక్కాను, కుక్కర్ మీద చెక్కలేదు. మూత నేను కొన్నది, కుక్కర్ పెళ్ళికి మీ అమ్మగారు పెట్టింది. న్యాయం న్యాయమే.

* * *

ఎడిసన్,
అక్టోబరు 9, బుధవారం.

ప్రిస్సిల్లా,

లాయరు దగ్గరికి వెళ్ళకు. ఈ ఉత్తరం త్వరగా అందే పోస్టులో పంపుతున్నాను. కూర్చుని చదువు.

నిన్న తమ్ముడు ఫోను చేసి ఏడ్చాడు. "అక్కా, ప్రిస్సీ గిన్నెలన్నీ దించి పేరు చెక్కుతోంది. అడిగితే చెప్పట్లేదు. గరిటెలక్కూడా చెక్కింది. నన్నొదిలేసి వెళ్ళిపోతుందేమో అక్కా," అన్నాడు. మీరిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఇద్దరూ అదే భయంతో అన్నం తింటున్నారు. దానికి కారణం నేను.

ఆ చీటీలు నా కోసం. నేను పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను.

ఆయన పేరు వసీలి. మా హాస్పిటల్ లాబ్‌లో పని చేస్తారు. భార్య పోయి ఆరేళ్ళు, మీ అన్నయ్య పోయి నాకు తొమ్మిదేళ్ళు. వాళ్ళది మోల్డోవా దేశంలో దక్షిణపు మూల. గగావూజ్ వాళ్ళంటారు. మాట్లాడే భాష టర్కీ భాషకి చుట్టం, నమ్మకం మాత్రం మనలాగే క్రీస్తు మీద. జూడ్ "కొంచెం రాంగ్ టర్కిష్" అన్నది అందుకే. నువ్వు తెచ్చిన పుస్తకం పక్కింటి భాషది.

ఆయనతో ఎనభై ఆరేళ్ళ తల్లి ఉంది, మారియా. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆవిడ ఒకటే పట్టు: "పిల్ల తరఫు పెద్ద ఎవరైనా వచ్చి నా భాషలో నాతో మాట్లాడాలి. వెనక ఇల్లు లేని మనిషిని నేను ఇంటికి తెచ్చుకోను." అది వాళ్ళ ఆచారమో, ముసలావిడ మొండితనమో నాకు తెలియదు. నాకు పెద్దంటూ ఉన్నది తమ్ముడొక్కడే. "మా ఇంట్లోంచి మీ ఇంటికి వచ్చాం, మా ఇల్లు మీ ఇల్లు" అని అంటే చాలు. నాలుగు నెలలుగా నేర్పుతున్నాను. నాది, నీది, వాళ్ళది ఎప్పుడూ కలిపేస్తాడు. పోయినసారి ఫోనులో ఆవిడతో "మీ ఇల్లు మా ఇల్లు" అన్నాడు. ఆవిడ ఫోను పెట్టేసింది. అందుకే వస్తువు వస్తువుకీ ఒక తోక అంటించి, నీకు కనబడకుండా చదువుకుంటున్నాడు. వీధి తలుపు బయటి వైపు, పైన చూడు. "ఎవె" అని ఇంకో చీటీ ఉంటుంది. ఇంటికి అని.

నీకెందుకు చెప్పలేదంటావా? మీ చర్చిలో రూతమ్మ గారు అరవై ఏళ్ళకి మళ్ళీ పెళ్ళి చేసుకున్నప్పుడు నువ్వు నాకు మూడు పేజీల ఉత్తరం రాశావు. మూడో పేజీలో "సిగ్గుండాలి" అని కింద గీత గీసి మరీ రాశావు. నాకు యాభై తొమ్మిది, ప్రిస్సీ. అమ్మ పోయాక ఈ దేశంలో నాకున్న ఇల్లు మీదొక్కటే. నువ్వు కాదంటే నేను వసీలితో కాదని చెప్పేస్తాను. మీ ఇంటి తలుపు పోగొట్టుకుని ఏ తలుపూ నాకు వద్దు.

లూసీ.

తా.క. గరాజ్‌లో నవ్వింది నేనే. ఇరవై ఆరేళ్ళుగా వింటున్న నా నవ్వుని పటేల్ కొట్లో వెతికావంటే కొంచెం బాధేసింది.

* * *

ఫ్రిస్కో,
అక్టోబరు 14, సోమవారం.

ఈ రోజు అయిన పనులు: లాయరు అపాయింట్‌మెంట్ రద్దు. శశికళ గారికి సోఫా ఎవరికీ రావడం లేదని చెప్పడం. న్యూజెర్సీకి రెండు టికెట్లు. పులిహోరకి చింతపండు నానబెట్టడం.

ప్రియమైన వదిన గారికి,

మీ ఉత్తరం శనివారం అందింది. రెండు రోజులు ఆలస్యం. విషయం నాకు గురువారమే తెలిసింది.

గురువారం పొద్దున మీ తమ్ముడు గారు చెత్త డబ్బాలు వీధిలోకి ఈడ్చుకెళ్తూ ఫోను గరాజ్ అరలో పెట్టి వెళ్ళారు. అది మోగింది. తెర మీద "మారియా" అని పేరు. చేతిలో చెక్కే పెన్ను అలాగే ఉంది, రెండో చేత్తో ఫోను ఎత్తాను. వీడియో. చూస్తే తలకి గుడ్డ కట్టుకుని, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో, బోసి నోటితో ఏదో నములుతున్న ముసలమ్మ. "వయసులో చాలా పెద్దావిడ" అని మీరు రాస్తే నేను యాభై అయిదు అనుకున్నాను, వదిన గారూ.

అయినా నెల రోజులు ఉడికిన కోపం అంత తొందరగా చల్లారదు. ఎవరైతేనేం, ఈ ఇల్లు ఎవరిదో తెలియాలి అనుకున్నాను. ఫోను పట్టుకుని ఇంట్లోకి నడిచాను. తలుపు మీద చరిచి "కాపుమ్!" అన్నాను. నా తలుపు. బల్ల మీద చరిచి "మాసామ్!" అన్నాను. పోపుల డబ్బా ఎత్తి నా పేరు చూపించాను, దానికి వాళ్ళ మాట తెలియక ఊరికే గుండె మీద కొట్టుకున్నాను. ఆఖరికి ఫోను గిరగిరా తిప్పి మొత్తం ఇల్లు చూపించి "ఎవిమ్! ఎవిమ్!" అని అరిచాను.

ముసలమ్మ నమలడం ఆపింది. కళ్ళు తుడుచుకుంది. వెనక్కి తిరిగి ఎవరినో కేకేసింది. తెల్ల మీసాల పెద్దమనిషి ఒకాయన వచ్చి ఇంగ్లీషులో మాట్లాడాడు. మన మాటల్లో చెప్పాలంటే ఇది:

"మేడమ్, మా అమ్మ చాలా హ్యాపీ. నాలుగు నెలల నుంచి మీ హస్బెండ్ మాటలు చెబుతున్నారు, ఇల్లు ఎవరూ చూపించలేదు. మీరు తలుపు తీసి, బల్ల చూపించి, గిన్నెలు కూడా చూపించారు. పిల్లకి వెనక ఒక ఇల్లుంది, అందులో గట్టి ఆడమనిషి ఉంది, ఇంక చాలు, డేట్ ఫిక్స్ చేయమంటోంది."

"ఏ పిల్లకి?" అన్నాను.

"లూసీకి," అన్నాడు. నా మొహం చూసి, "ఓ, నో," అన్నాడు.

అప్పుడే మీ తమ్ముడు గారు డబ్బాలు వీధిలో పెట్టి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "ప్రిస్సీ, చెప్పొద్దని అక్క ప్రమాణం చేయించుకుంది," అన్నారు. నన్ను వదలడానికి కాదని తెలిశాక నాకు ఏడుపొచ్చింది. ఆయనకి నేను వదిలేయడం లేదని తెలిసి ఏడుపొచ్చింది. ఫోనులో ముసలమ్మకి ఏమర్థమైందో, మమ్మల్ని చూసి ఆవిడా ఏడ్చింది. వసీలి గారు ఒక్కరే ఏడవలేదు, పాపం, ఎవరిని ఊరుకోబెట్టాలో తెలియక నిలబడ్డారు. మంచి మనిషిలా ఉన్నారు.

ఈ సంగతి మీకు చెప్పవద్దని మీ తమ్ముడు గారిని, వసీలి గారిని నేనే అడిగాను. మా వదిన నోటితో నాకు చెబుతుందా లేదా చూడాలనుకున్నాను. చెప్పారు. లాయరుకి భయపడి చెప్పారనుకోండి, అయినా చెప్పారు.

శుక్రవారం సాయంత్రానికి మేము ఎడిసన్‌లో ఉంటాం. మీ తమ్ముడు గారిని నోరు విప్పవద్దన్నాను. మారియా గారితో మాటలు నావి. పెళ్ళి విందు నేనే వండుతాను. పళ్ళాలు మా ఇంట్లోంచే తెస్తాను, అన్నిటి మీదా పేరుంది, ఎక్కడికీ పోవు.

ఇట్లు,
మీ మరదలు ప్రిస్సిల్లా.

తా.క. లెక్క తేల్చాను. మీ వైపు: నెల రోజులుగా నాకు రాసిన అబద్ధాలు, రెండు ఉత్తరాలు. నా వైపు: రూతమ్మ గారి మీద రాసిన మూడు పేజీలు. నాదే ఒక పేజీ ఎక్కువ తేలింది. నిన్న ఆరాధన అయ్యాక రూతమ్మ గారి దగ్గరికి వెళ్ళి, మేము తిరిగి వచ్చాక ఒక ఆదివారం భోజనానికి ఆవిడని, ఆవిడ భర్తని పిలిచాను. వస్తామన్నారు. బాకీ చెల్లు.